డీఎస్‌ఎల్‌ఆర్ కిట్టుకు తోడుగా ఏ చిన్న కెమెరా కొనాలి?

కెనాన్ 5డీ మార్క్ 3 డీఎస్‌ఎల్‌ఆర్ (లెన్సులు మార్చుకునే పెద్ద కెమెరా) బాడీ 950 గ్రాములు. దానికి 24-70 ఎఫ్/2.8 రెండో వెర్షన్ లెన్సు 805 గ్రాములు, 70-200 ఎఫ్/2.8 రెండో వెర్షన్ 1490. ఫ్లాషూ బ్యాగూ కలపకుండానే దాదాపు మూడుంపావు కిలోలు. ఈ సరంజామాతో పెళ్లి తీయొచ్చు, రంగనతిట్టు వెళ్లి పక్షుల్ని తీయొచ్చు. అదే బ్యాగు భుజాన వేసుకుని బెంగళూరు మారతహళ్లిలో బస్సెక్కి, కార్తీకమాసం చివరి సోమవారం బసవనగుడి కడలెకాయి పరిషెలో (వేరుశెనగ జాతరలో) జనం మధ్య దూరమంటే మాత్రం చాలామంది దాన్ని బీరువాలోనే ఉంచేసి వెళ్తారు. చిన్న కెమెరా ఆలోచన సాధారణంగా అప్పుడే వస్తుంది.

ఇక దుకాణానికి వెళ్లి "నా పెద్ద కెమెరా చేసేవన్నీ చేసే చిన్నది చూపించండి" అంటారు. అలాంటిది లేదు. పెద్ద సెన్సర్ (వెలుతురును ఫొటోగా మార్చే చిప్పు), వెలుతురు బాగా పట్టే లెన్సు, పొడవాటి జూమ్. జేబులో పట్టాలంటే ఈ మూడింటిలో ఒకటి వదులుకోక తప్పదు. అందుకే అడగాల్సింది వేరు: పెద్ద కిట్టు వెంట రాని చోట, ఫోను చేతకాక చేతులెత్తేసే పని ఏది? ఆ ఒక్క పని బాగా చేసే కెమెరా కొనాలి. మిగతావి అరకొరగా చేసినా పర్వాలేదు, వాటికి ఇంట్లో డీఎస్‌ఎల్‌ఆర్ ఉంది.

ముందు మీ పాత ఫొటోలు చూడండి

మీ అలవాటేమిటో మీ హార్డ్ డిస్కుకు మీకన్నా బాగా తెలుసు. లైట్‌రూమ్ క్లాసిక్ (ఫొటోలు సర్దే సాఫ్ట్‌వేర్) వాడేవాళ్లు లైబ్రరీలో ఫిల్టర్ బార్ తెరిచి, మెటాడేటా కింద ఒక నిలువు వరుసను ఫోకల్ లెంగ్త్‌కు (లెన్సు ఎంత వెడల్పుగా, ఎంత దగ్గరగా చూపుతుందో చెప్పే మి.మీ. అంకెకు) మార్చితే ఏ ఫోకల్ లెంగ్త్‌లో ఎన్ని ఫొటోలు తీశారో అంకెలతో కనిపిస్తుంది. లైట్‌రూమ్ లేకపోతే విండోస్ ఫోల్డరులో డీటెయిల్స్ వ్యూ పెట్టి, ఫోకల్ లెంగ్త్ కాలమ్ చేర్చి వరుసగా పేర్చుకోండి. అన్ని ఫొటోలూ కాదు, ఊళ్లు తిరిగినప్పుడు, ఇంట్లో, పండగలకు తీసినవే చూడండి. పక్షులవీ, డబ్బులకు తీసిన పెళ్లిళ్లవీ పక్కన పెట్టండి, ఆ పని చిన్న కెమెరాకు ఇవ్వబోవడం లేదు.

క్రాప్ సెన్సర్ (ఫుల్ ఫ్రేమ్ కంటే చిన్నదైన ఏపీఎస్-సీ) బాడీ అయితే వచ్చిన అంకెను నికాన్‌కు 1.5తో, కెనాన్‌కు 1.6తో గుణించాలి. చిన్న కెమెరాల జూమ్ అంకెలన్నీ ఫుల్ ఫ్రేమ్ లెక్కలోనే చెప్తారు, ఇక్కడ కూడా అంతే. ఎక్కువ భాగం 28-40 మధ్య పడితే జూమ్ లేని కెమెరా మీకు సరిపోతుంది, ఇంకా మంచి బొమ్మ ఇస్తుంది. 24 నుంచి 100 దాకా చెల్లాచెదురుగా ఉంటే చిన్న జూమ్ కావాలి. 135 దాటి గుట్టగా పడితే పొడవాటి జూమ్ గురించి ఆలోచించాలి, దాని కష్టాలు కింద చెప్తాం.

సెన్సర్, అపర్చర్: ఇక్కడ తొందర వద్దు

ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ 36×24 మి.మీ. నికాన్, సోనీ, ఫుజీ ఏపీఎస్-సీ సుమారు 23.5×15.6. మైక్రో ఫోర్ థర్డ్స్ 17.3×13. 'ఒక అంగుళం' అని పిలిచేది నిజానికి 13.2×8.8 మి.మీ. మాత్రమే, అంగుళం ఎక్కడా లేదు. చౌక కాంపాక్టుల్లో ఉండే 1/2.3 అంగుళం సెన్సర్ 6.2×4.6 మి.మీ.

ఈ చివరిదాన్ని దాదాపుగా కొట్టిపారేయొచ్చు. మంచి ఫోన్లలో ఇప్పుడు దీనికంటే పెద్ద సెన్సర్లు ఉన్నాయి, పైగా అవి పది ఫ్రేములు కలిపి నాయిస్ (ఫొటోలో గరుకు చుక్కలు) తగ్గిస్తాయి. 1/2.3 సెన్సర్ కొనడానికి రెండే కారణాలు: నీళ్లలోకి తీసుకెళ్లడం, లేదా పట్టపగలు చాలా దూరం జూమ్ చేయడం. ఒలింపస్ టీజీ-6 లాంటిది 15 మీటర్ల లోతు దాకా తట్టుకుంటుంది, లెన్సుకు ఒక సెంటీమీటరు దూరంలోని పురుగును కూడా ఫోకస్ చేస్తుంది. ఆ పని మీకుంటే కొనండి, లేకపోతే ఫోనే నయం.

ఫోను మీద గెలవాలంటే ఒక అంగుళం సెన్సర్ కనీస అర్హత. ఇది ఎంతవరకు పనికొస్తుందో అంచనా వేయడానికి ఒక లెక్క ఉంది. నికాన్ ఏపీఎస్-సీతో పోలిస్తే ఒక అంగుళం సెన్సర్ వైశాల్యం మూడో వంతుకు కాస్త తక్కువ, ఫుల్ ఫ్రేమ్‌లో ఏడో వంతు. నాయిస్ విషయంలో ఒక అంగుళం కెమెరాలో ఐఎస్‌ఓ (వెలుతురుకు సెన్సర్ సున్నితత్వం అంకె) 800 అంటే మీ ఏపీఎస్-సీ బాడీలో సుమారు 2500తో, ఫుల్ ఫ్రేమ్‌లో 6000కు దగ్గరి దానితో సమానం. మీ డీఎస్‌ఎల్‌ఆర్‌ను ఆ ఐఎస్‌ఓలో పెట్టి నాలుగు ఫొటోలు ఇంట్లోనే తీసి చూసుకుంటే, కొనకముందే ఫలితం తెలిసిపోతుంది.

కాబట్టి చిన్న సెన్సర్‌లో అపర్చరే (లెన్సులో వెలుతురు వచ్చే రంధ్రం, ఎఫ్ అంకె చిన్నదైతే రంధ్రం పెద్దది) ప్రాణం. కల్యాణమండపంలో బాగా వెలిగే లైట్ల కింద ఎక్స్‌పోజర్ విలువ (వెలుతురు ఎంతుందో చెప్పే అంకె) 7 అనుకుందాం. కెనాన్ జీ7ఎక్స్ మార్క్ 2 తన పూర్తి జూమ్ 100 మి.మీ. దగ్గర కూడా ఎఫ్/2.8 ఇస్తుంది. 1/125 షట్టర్ స్పీడుకు ఐఎస్‌ఓ 800 సరిపోతుంది. సోనీ ఆర్‌ఎక్స్100 మార్క్ 7 పూర్తి జూమ్ 200 దగ్గర ఎఫ్/4.5. చెయ్యి కదలకుండా 1/200 పెడితే ఐఎస్‌ఓ 3200 అవుతుంది. రెండు స్టాపుల తేడా (ఒక్కో స్టాపుకు వెలుతురు రెట్టింపో సగమో అవుతుంది). మొదటి ఫొటోను అచ్చు వేయించి గోడకు పెట్టొచ్చు, రెండోది వాట్సాప్‌కు పనికొస్తుంది. అదే రెండో కెమెరా మధ్యాహ్నం నంది కొండ మీద మొదటిదాన్ని పక్కకు నెట్టేస్తుంది. ఎండలో ఎక్కువ తిరుగుతారా, చీకట్లోనా అన్న ప్రశ్నకు మీ జవాబే కెమెరా పేరు తేలుస్తుంది.

అపర్చర్ అంకె చూసి వెనక అంతా మసకబారుతుందని ఆశపడకండి. ఒక అంగుళం మీద ఎఫ్/1.8 ఇచ్చే డెప్త్ (పదునుగా కనిపించే లోతు), ఫుల్ ఫ్రేమ్ మీద ఎఫ్/4.9 దగ్గర వచ్చేదే. 85 ఎఫ్/1.8తో తీసే పోర్ట్రెయిట్ దీంట్లో రాదు. మరో సంగతి, ల్యాండ్‌స్కేప్ తీసేవాళ్లు అలవాటు కొద్దీ ఎఫ్/11 పెడతారు. 20 మెగాపిక్సెళ్ల ఒక అంగుళం సెన్సర్‌లో పిక్సెల్ వెడల్పు 2.4 మైక్రాన్లు మాత్రమే, ఎఫ్/5.6 దాటగానే డిఫ్రాక్షన్ (చిన్న రంధ్రం అంచుల దగ్గర వెలుతురు చెదరడం) వల్ల పదును తగ్గుతుంది. ఎఫ్/4 దగ్గర ఆగండి. డెప్త్ చాలదన్న భయం అక్కర్లేదు: 24 మి.మీ. దగ్గర ఎఫ్/4 పెట్టి రెండు మీటర్ల దూరంలో ఫోకస్ చేస్తే, దాదాపు ఒక మీటరు నుంచి అనంతం దాకా పదునుగా ఉంటుంది.

ఏ పనికి ఏది

వీధి ఫొటోలు, సంత, గుడి బయట, ఒక్క లెన్సుతో తిరిగే అలవాటు. వీటికి రికో జీఆర్3. ఏపీఎస్-సీ సెన్సర్, 28 మి.మీ. ఎఫ్/2.8, బ్యాటరీతో కలిపి 257 గ్రాములు. ఇంత పెద్ద సెన్సర్‌తో నిజంగా ప్యాంటు జేబులో పట్టేవి దాదాపు ఈ జీఆర్ వరుస కెమెరాలే. 28 మరీ వెడల్పనిపిస్తే 40 మి.మీ. ఉన్న జీఆర్3ఎక్స్ తీసుకోండి. దీని అసలు బలం స్నాప్ ఫోకస్: ముందే దూరం నిర్ణయించి పెడితే బటన్ ఒక్కసారిగా నొక్కగానే ఫోకస్ కోసం వెతక్కుండా ఫొటో పడిపోతుంది. 28 మి.మీ. మోడల్‌లో 2.5 మీటర్లు, ఎఫ్/5.6 పెడితే సుమారు 1.4 నుంచి 15 మీటర్ల దాకా పదును, ఎఫ్/8 పెడితే 1.2 మీటర్ల నుంచి అనంతం దాకా. తెల్లవారుజామున కె.ఆర్. మార్కెట్‌లో పూల బుట్టల మధ్య నడుస్తూ తీయడానికి దీన్ని మించింది లేదు. లోపాలూ గట్టివే. ఫ్లాష్ లేదు (జీఆర్2లో ఉంది), వ్యూఫైండర్ లేదు, వాన తట్టుకోదు, బ్యాటరీ 200 ఫొటోలకు మించి ఆశించొద్దు, చీకట్లో ఆటోఫోకస్ తడబడుతుంది.

ఫుజీ ఎక్స్100వీ, ఎక్స్100VI చాలామంది కలల కెమెరాలు. 35 మి.మీ. ఎఫ్/2, ఆప్టికల్ వ్యూఫైండర్, వెలుతురు తగ్గించే నాలుగు స్టాపుల ఎన్‌డీ ఫిల్టర్ లోపలే. అందంగా ఉంటాయి. కాకపోతే ఎక్స్100VI 521 గ్రాములు, మందం ఐదున్నర సెంటీమీటర్లు, జేబులో పట్టదు. మెడలో వేలాడదీయడానికి ఒప్పుకుంటేనే ఇది. వాన జల్లు తట్టుకోవాలంటే లెన్సు ముందు అడాప్టర్ రింగు, 49 మి.మీ. ఫిల్టర్ విడిగా కొని బిగించాలి, అది చాలామందికి కొన్నాక తెలుస్తుంది.

కుటుంబం, ప్రయాణాలు, భోజనాలు, పిల్లలు. ఇలా కలగలుపుగా తీసేవాళ్లకు ఒక అంగుళం జూమ్ కాంపాక్టులు. ఆర్‌ఎక్స్100 వరుసలో మూడో మార్క్ (2014) నుంచి ఐదో మార్క్ (2016) దాకా 24-70, ఎఫ్/1.8-2.8, పైకి లేచే వ్యూఫైండర్, మూడు స్టాపుల ఎన్‌డీ. ఆరు (2018), ఏడు (2019) మార్కుల్లో 24-200 వచ్చింది, కానీ అపర్చర్ ఎఫ్/2.8-4.5కు తగ్గింది, ఎన్‌డీ ఫిల్టర్ పోయింది. పరిగెత్తే పిల్లల్ని తీయాలంటే ఫేజ్ డిటెక్ట్ ఆటోఫోకస్ ఉన్న ఐదో మార్కు, ఆపై వాటినే చూడండి, మూడు నాలుగు మార్కుల్లో అది లేదు. కెనాన్ జీ7ఎక్స్ మార్క్ 2, 3ల్లో 24-100 ఎఫ్/1.8-2.8 లెన్సు చాలా ఉపయోగం, కెనాన్ డీఎస్‌ఎల్‌ఆర్ వాళ్లకు మెనూలు కూడా చేతికి అలవాటైనవే. ఆటోఫోకస్ మాత్రం కాంట్రాస్ట్ పద్ధతిది, కదిలే మనుషుల వెంట పడలేదు, వ్యూఫైండర్ కూడా లేదు. వ్యూఫైండరుతో, 24-120తో కావాలంటే జీ5ఎక్స్ మార్క్ 2. పానసోనిక్ ఎల్ఎక్స్100 మార్క్ 2లో మైక్రో ఫోర్ థర్డ్స్ సెన్సర్, 24-75 ఎఫ్/1.7-2.8, అపర్చర్‌కూ షట్టర్‌కూ విడి చక్రాలు. డీఎస్‌ఎల్‌ఆర్ చేతికి ఇదే హాయిగా ఉంటుంది, కానీ లెన్సుతో కలిపి ఆరు సెంటీమీటర్లు దాటే మందం జాకెట్ జేబు అడుగుతుంది.

నికాన్ వాళ్ల సంగతి కాస్త జాలి. ఒక అంగుళం సెన్సర్‌తో డీఎల్ పేరిట మూడు కాంపాక్టులు 2016 ఫిబ్రవరిలో ప్రకటించి, దాదాపు ఏడాదికి, ఒక్కటీ అమ్మకుండానే రద్దు చేశారు. నికాన్ మెనూల మీద మమకారం ఉన్నా, ఈ పనికి బయటి కంపెనీ వైపు చూడక తప్పదు.

పక్షుల వాళ్లది ప్రత్యేక కేసు. 150-600 తగిలించాక డీఎస్‌ఎల్‌ఆర్ ఇక వెడల్పు దృశ్యం తీయదు, రంగనతిట్టు పడవలో లెన్సు మార్చడమంటే సెన్సర్ మీదికి దుమ్మును పిలవడమే. వాళ్లకు జేబులో 24 మి.మీ. ఉన్న ఏ ఒక అంగుళం కెమెరా అయినా చాలు, పాతదైనా సరే. పొడవాటి జూమ్ కోసం డబ్బు పెట్టడం వాళ్లకు శుద్ధ దండగ.

డీఎస్‌ఎల్‌ఆర్ కంటే ఇదే మెరుగ్గా చేసేవి

చిన్న కెమెరాను తక్కువ రకం డీఎస్‌ఎల్‌ఆర్ అనుకునేవాళ్లు లీఫ్ షట్టర్ సంగతి మరిచిపోతారు. ఈ కెమెరాల్లో షట్టర్ లెన్సు లోపలే ఉంటుంది. దానివల్ల రెండు లాభాలు.

మొదటిది ఎండలో ఫ్లాష్. లేపాక్షి నంది ముందు మిట్ట మధ్యాహ్నం ఇంటివాళ్లను నిలబెడితే కళ్ల కింద నల్లటి నీడలు. డీఎస్‌ఎల్‌ఆర్‌తో ఫ్లాష్ 1/200 దగ్గర ఆగిపోతుంది, ఆ ఎండకు ఐఎస్‌ఓ 100లో ఎఫ్/13 పెట్టాలి, అంత చిన్న అపర్చర్‌లోంచి ముఖాన్ని వెలిగించాలంటే పెద్ద ఫ్లాష్ కావాలి. ఆర్‌ఎక్స్100, జీ7ఎక్స్ లాంటివి 1/2000 దాకా ఫ్లాష్‌తో కలిసి పనిచేస్తాయి. ఎఫ్/4, 1/2000 పెడితే వెనక ఆకాశం అదే ఎక్స్‌పోజర్‌లో ఉంటుంది, ఫ్లాష్‌కు కావలసిన శక్తి పదో వంతుకు పడిపోతుంది. మీటరు, మీటరున్నర దూరంలోని ముఖానికి ఆ బుల్లి ఫ్లాషే సరిపోతుంది. అయితే షట్టర్ సెట్టింగు మెకానికల్‌లో ఉండాలి, ఎలక్ట్రానిక్‌కు మారితే ఫ్లాష్ వెలగదు.

రెండోది నిశ్శబ్దం. బీప్ శబ్దం, ఫోకస్ ల్యాంపు ఆపేస్తే కచేరీలో పక్క కుర్చీవాళ్లకు కూడా వినపడదు. పూర్తి ఎలక్ట్రానిక్ షట్టర్ పెట్టాలన్న ఆశ పుడుతుంది, దీపాలు చూసి పెట్టండి. మన కరెంటు 50 హెర్ట్జ్, దీపాలు సెకనుకు వందసార్లు మినుకుతాయి. చౌక ఎల్ఈడీల కింద ఎలక్ట్రానిక్ షట్టర్‌తో 1/250 పెడితే ఫొటో నిండా అడ్డ చారలు వస్తాయి. 1/50 లేదా 1/100 పెట్టండి, చారలు పోతాయి.

జేబు కొలత

కంపెనీ చెప్పే మందంలో కొన్నిసార్లు లెన్సు ఉబ్బు కలవదు. జీఆర్3 33 మి.మీ., ఆర్‌ఎక్స్100 మార్క్ 7 43 మి.మీ. అట్టపెట్టెను ఆ కొలతలకు కత్తిరించి, నిండా బియ్యం పోసి, రెండు రోజులు జేబులో పెట్టుకుని తిరగండి. జీన్స్ జేబులో 43 మి.మీ. పెట్టుకుని స్కూటర్ మీద కూర్చోవడం సౌకర్యంగా లేకపోతే, ఆ కెమెరా మళ్లీ బ్యాగులోకే వెళ్తుంది, బ్యాగు మళ్లీ బీరువాలోకి.

బెంగళూరులో కొనడం, పాతది పరీక్షించడం

పైన చెప్పిన వాటిలో చాలావాటి తయారీ ఆగిపోయింది. కాబట్టి సెకండ్ హ్యాండ్ తప్పదు. సోషల్ మీడియా పుణ్యమా అని చిన్న కెమెరాల పాత ధరలు కొన్నేళ్లుగా పెరిగాయి కూడా, అడిగిన ధర చూసి కంగారు పడకండి, రెండు వారాలు వేచి చూస్తే మరోటి వస్తుంది. కొత్తది కొంటే పెట్టె మీద దిగుమతిదారు పేరు, చిరునామా, దిగుమతి చేసిన నెల, ఎంఆర్‌పీ ఉన్న స్టిక్కర్ చూడండి. అది లేకుండా చౌకగా ఇస్తామంటే విదేశం నుంచి నేరుగా తెచ్చిన సరుకు, ఇక్కడి సర్వీస్ సెంటర్ వారంటీ కింద ముట్టుకోదు. బిల్లు మీద జీఎస్‌టీ నంబరుతో పాటు కెమెరా సీరియల్ నంబరు రాయించుకోండి.

పాతది పగటిపూట, కూర్చోవడానికి చోటున్న దగ్గర కలిసి చూడండి. మీ మెమరీ కార్డు, వీలైతే లాప్‌టాప్ తీసుకెళ్లండి. అమ్మే మనిషి తొందరపెడితే లేచి వచ్చేయండి, ఈ పరీక్షకు అరగంట పడుతుంది.

మొదట లెన్సు. ఆన్, ఆఫ్ పదిసార్లు చేయండి. లెన్సు ఒకే వేగంతో, గరగర శబ్దం లేకుండా రావాలి, పోవాలి. జూమ్ కాంపాక్టుల్లో మొదట పాడయ్యేది లెన్సు మోటారు, లోపలి రిబ్బన్ కేబుల్. జేబులో ఇసుక రేణువు, లేదా బ్యాగులో నొక్కుకుని ఆన్ అవడం చాలు గేర్లు దెబ్బతినడానికి. 'లెన్స్ ఎర్రర్' ఒక్కసారి వచ్చినా వద్దనండి, రిపేరు ఖర్చు చాలాసార్లు కెమెరా ధరతో పోటీ పడుతుంది.

తర్వాత దుమ్ము, ఇక్కడే ఎక్కువమంది దెబ్బతింటారు. లెన్సు ముందుకూ వెనక్కూ వెళ్లినప్పుడల్లా గాలి లోపలికి పీలుస్తుంది, మన ఫ్లైఓవర్ల, మెట్రో పనుల దుమ్ము దాంతోపాటే సెన్సర్ మీదికి వెళ్తుంది. డీఎస్‌ఎల్‌ఆర్‌లో బ్లోయర్‌తో ఊది తీసేస్తాం. ఇక్కడ లెన్సు ఊడదు, సర్వీస్ సెంటర్‌లో కెమెరా మొత్తం విప్పాలి. పరీక్ష ఇలా: ఐఎస్‌ఓ 125, ఎఫ్/11, ఎక్స్‌పోజర్ ఒక స్టాపు పెంచి, ఫోకస్ చెడగొట్టి, తెల్లటి ఆకాశాన్నో గోడనో తీయండి. జూమ్ వెడల్పులో ఒకటి, చివరలో ఒకటి. చివర్లో మచ్చలు ఎక్కువ బయటపడతాయి. లాప్‌టాప్‌లో కాంట్రాస్ట్ పెంచి చూడండి. జీఆర్ వరుసలో ఈ జబ్బు పేరుపడింది, ఆ పరీక్ష లేకుండా కొనకండి. ఒకటి రెండు చిన్న మచ్చలుంటే ధర తగ్గించమని అడగండి, మధ్యలో ఉంటే వదిలేయండి.

మూడోది అంచుల పదును. గోడకు తెలుగు దినపత్రికను విప్పి సమంగా అంటించి, కెమెరాను దానికి సమాంతరంగా పెట్టి, పూర్తి అపర్చర్‌లో 24 దగ్గర ఒకటి, జూమ్ చివర ఒకటి తీయండి. నాలుగు మూలలా అక్షరాలు ఒకేలా చదవగలగాలి. నాలుగు మూలలూ కాస్త మసకైతే లెన్సు స్వభావం. ఒక్క మూల మాత్రమే మసకైతే లోపల అద్దం పక్కకు జరిగింది, కింద పడ్డ కెమెరా అన్నమాట.

బూజు కోసం ఫోను టార్చి లెన్సు మీదికి ఏటవాలుగా వేసి చూడండి. సాలెగూడు పోగుల్లాంటి గీతలు కనిపిస్తే కథ ముగిసింది. ఆ తర్వాత బటన్లన్నీ, కంట్రోల్ రింగు, లేచే వ్యూఫైండరు, మడిచే తెర. తెరను అన్ని కోణాల్లోకీ తిప్పుతూ చూడండి, ఒక కోణంలో ఆరిపోతే రిబ్బన్ తెగబోతోంది. బ్యాటరీ ఉబ్బి ఉందా, ట్రైపాడ్ రంధ్రంలో తుప్పు ఉందా, కార్డు తలుపు కింద ఆకుపచ్చటి పొర ఉందా చూడండి, నీళ్లు తాకిన కెమెరా అక్కడే పట్టుబడుతుంది. వీడియో తీసేవాళ్లు ఆర్‌ఎక్స్100 నాలుగు, ఐదు మార్కుల్లో 4కే ఒక్కో క్లిప్పు ఐదు నిమిషాలకే ఆగిపోతుందని గుర్తుంచుకోవాలి, అది లోపం కాదు, పరిమితి.

కార్డు, బ్యాటరీల కోసం ఎస్‌పీ రోడ్డుకు వెళ్తే చాలా దొరుకుతాయి, నకిలీలు కూడా. వీ30 రకం 64 జీబీ కార్డు చాలు. కొన్న రోజే హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత ప్రోగ్రాముతో కార్డంతా నింపి పరీక్షించండి. 64 అని రాసి లోపల 8 ఉన్నవి మొదటి వంద ఫొటోల దాకా బాగానే నటిస్తాయి. బ్యాటరీలు రెండు అదనంగా తీసుకోండి. విమానంలో వాటిని చేతి సంచిలోనే పెట్టాలి, చెక్-ఇన్ సంచిలో కాదు.

పెట్టె తెరిచాక

ఆటో ఐఎస్‌ఓ పై పరిమితి ఒక అంగుళానికి 1600, ఏపీఎస్-సీకి 6400. కనీస షట్టర్ 1/125, పిల్లలున్నచోట 1/250. అపర్చర్ ప్రయారిటీలో ఎఫ్/2.8తో మొదలుపెట్టండి. రా (కెమెరా మార్చని ముడి ఫైలు), జేపెగ్ రెండూ. ఎక్స్‌పోజర్‌ను మూడో వంతు స్టాపు తగ్గించి ఉంచండి, చిన్న సెన్సర్లలో తెల్ల పంచె, మల్లెపూలు ఎగిరిపోతే తిరిగి రావు. ఈ సెట్టింగులను మెమరీ స్థానం ఒకదాంట్లో దాచేస్తే ఎవరో చక్రం తిప్పి ఇచ్చినా నిమిషంలో సర్దుకోవచ్చు.

రెండు కెమెరాల గడియారాలు కలపకపోవడం తర్వాత పెద్ద తలనొప్పి. పెళ్లిలో తలంబ్రాలు జీలకర్రా బెల్లానికంటే ముందే వచ్చేస్తాయి. ఫోను గడియారం సెకన్లతో సహా తెరిచి, రెండు కెమెరాలతోనూ దాన్ని ఒక ఫొటో తీయండి. ఇంటికొచ్చాక తేడా ఎన్ని సెకన్లో లెక్కేసి, లైట్‌రూమ్‌లో ఒక కెమెరా ఫొటోల సమయం మొత్తం ఒకేసారి జరపొచ్చు. రెండూ కెనాన్ అయితే ఫైల్ పేర్లు కూడా ఒకేలా మొదలవొచ్చు, ఒకదాని మీద ఒకటి పడకుండా దిగుమతి చేసేటప్పుడే కెమెరా పేరు ముందు చేర్చండి.

రంగులు కలవాలంటే రెండింటిలోనూ ఆటో వైట్ బ్యాలెన్స్ ఆపి ఒకే కెల్విన్ అంకె పెట్టండి, బయట 5300 దగ్గర మొదలుపెట్టొచ్చు. ఒకే వెలుతురులో గ్రే కార్డును రెండింటితోనూ తీసి ఉంచుకుంటే మిగతాది కంప్యూటర్‌లో రెండు నిమిషాల పని.

దాచడం గురించి. జూన్ నుంచి అక్టోబరు దాకా బెంగళూరు గాలి తడి బూజుకు ఇష్టం, తోలు కేసులో మూసి బీరువాలో పెడితే మరీనూ. గాలి చొరని ప్లాస్టిక్ డబ్బా, అందులో 100 గ్రాముల సిలికా జెల్, చిన్న హైగ్రోమీటరు. తేమ 40-50 శాతం మధ్య ఉంటే చాలు, 30 కంటే తగ్గిస్తే రబ్బరు, లోపలి నూనె ఎండిపోతాయి. నీలం జెల్ కంటే నారింజ రంగుది తీసుకోండి, నీలం రంగుకు వాడేది ఒంటికి మంచిది కాని కోబాల్ట్. జెల్ రంగు మారాక ఓవెన్‌లో 110-120 డిగ్రీల దగ్గర గంట, గంటన్నర ఆరబెడితే మళ్లీ పనికొస్తుంది. నీలం రకమే దొరికితే వంట మూకుడులో మాత్రం వేయించకండి.